కుక్కల పార్కులో ఆదివారం

"తులసీ, ఆ కుక్కల పార్కు వల్ల వచ్చే ప్రమాదాలన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టు. ఆదివారం సాయంత్రం మీటింగులో చదవాలి" అన్నాడు మురళీకృష్ణ, తాగిన కాఫీ గ్లాసు కిటికీ గట్టు మీద పెడుతూ.

రామతులసి చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చేతులాపకుండానే, "చదివి ఏం చేస్తారు?" అని అడిగింది.

"ఏం చేయడమేంటి, మూసేస్తారు. దొరబాబుగారైతే గట్టిగా ఉన్నారు. కింద పడి మోకాలు చెక్కుకుపోయింది కదా ఆయనకి. కారణాలు ఒక వరసలో చక్కగా చదివామనుకో, అందరూ సరేనని చేతులెత్తుతారు. నీకు రాయడం బాగా వచ్చు కదా."

పెళ్లయిన ఇరవై ఒక్క ఏళ్లలో ఆమెకి బాగా వచ్చని మురళీకృష్ణ ఒప్పుకున్న పనులు కొన్ని ఉన్నాయి. అతని పంపుసెట్ల షాపు తరఫున కంపెనీలకి రాసే ఉత్తరాలు, ఆడపడుచు కూతురి శుభలేఖలో మాటలు, కాలనీ అసోసియేషన్ నోటీసులు. రాసేది ఆమె, కింద జాయింట్ సెక్రటరీ అని సంతకం పెట్టేది అతను. 'మురళీకృష్ణగారి నోటీసంటే నోటీసేనండి, ఒక్క కామా తప్పు పోదు' అని ఎవరైనా మెచ్చుకుంటే, ఆ మెచ్చుకోలు ఇంటికి తెచ్చి ఆమెకే వినిపించి సంతోషపడేవాడు. అందులో అతని మోసమేమీ లేదు. నిజంగానే తనే రాశాననుకునేవాడు. అలా అనుకోగలగడానికి కూడా ఇంట్లో ఒక మనిషి ఉండాలి.

ఈ నోటీసు మాత్రం ఆమెకి గొంతులో ముల్లులా తగులుకుంది. ఆ పార్కు మూసేస్తే పోయేది కుక్కల ఆట ఒక్కటే కాదు. రోజు మొత్తంలో రామతులసికి తనదంటూ ఉన్న గంటన్నర పోతుంది.

వాళ్ల కాలనీ రాజమండ్రి చివర, ధవళేశ్వరం వెళ్లే దారిలో, గోదావరి గట్టుకి ఇవతల ఉంటుంది. అందులో షటిల్ కోర్టుకని వదిలిన స్థలం ఒకటుంది. చుట్టూ ఆరడుగుల గోడ కట్టారు, ఇనప గేటు పెట్టారు, మధ్యలో రెండు స్తంభాలు పాతారు. అక్కడితో ఉత్సాహం చల్లారిపోయి వల కొనలేదు. నాలుగేళ్లు గడ్డి మొలిచాక అసోసియేషన్ ప్రెసిడెంటు దొరబాబుగారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయన ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి, ఖాళీ స్థలం కనిపిస్తే ఊరుకోలేరు. "పెద్ద ఊళ్లలో గొలుసు విప్పేసి కుక్కల్ని వదిలే పార్కులున్నాయిట. మనకేం తక్కువండి?" అన్నారు. మనకేం తక్కువ అన్న మాట మీద గోదావరి జిల్లాల్లో ఏదైనా కట్టేయొచ్చు. దీపావళి వెళ్లిన మూడో నాడు కొబ్బరికాయ కొట్టి పార్కు తెరిచారు. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా. కొట్టిన కాయలో ఒక చెక్క మేజర్ తినేశాడు.

మేజర్ అంటే రామతులసి ఇంటి కుక్క. లాబ్రడార్. కూతురు హారతి పట్టుబట్టి కొనిపించుకుంది, పేరు మురళీకృష్ణ పెట్టాడు. రెండేళ్లు తిరక్కుండా హారతి విశాఖపట్నంలో హాస్టలుకి వెళ్లిపోయింది. ఇప్పుడు వీడియో కాల్లో మేజర్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, వాడికేం పెట్టాలో అమ్మకి చెబుతుంది. మురళీకృష్ణ షాపులో కూర్చుని 'మా మేజర్' అంటూ వచ్చినవాళ్లందరికీ ఫోటోలు చూపిస్తాడు. పాలన్నం కలపడం, పేలు తీయడం, టీకాలకి ఆటోలో తీసుకెళ్లడం, సోఫా కింద వెంట్రుకలు ఊడ్వడం రామతులసి పని. అంత భారీ పేరున్నవాడు కుక్కరు విజిలేస్తే మంచం కింద దూరతాడు.

గొలుసు మొదటిసారి విప్పిన రోజు మేజర్‌కి ఏం చేయాలో తెలియలేదు. మెడ ఖాళీగా ఉందని నమ్మకం కుదరక పది నిమిషాలు ఆమె కాళ్ల దగ్గరే నిలబడ్డాడు. తర్వాత ఏమనుకున్నాడో ఒక్కసారి బయల్దేరాడు. గోడ నుంచి గోడకి, గోడ నుంచి గేటుకి, మళ్లీ ఆమె దగ్గరికి, చెవులు వెనక్కి వేలాడేసుకుని, నోరంతా తెరుచుకుని. రామతులసికి నవ్వాగలేదు. ఎంత నవ్విందంటే పక్కనున్న నాగదుర్గ కూడా నవ్వడం మొదలుపెట్టింది. నాగదుర్గ రెండో లైన్లో ఉండే పిల్ల, బ్యాంకులో పనిచేస్తుంది, దాని దగ్గర లడ్డూ అనే బుల్లి పొమరేనియన్ ఉంది. "అక్కా, మీరు ఇలా నవ్వుతారని నాకు తెలీదు" అంది. నాకూ తెలీదమ్మా అనుకుంది రామతులసి.

మూడో రోజుకి ఆమె కూడా పరిగెత్తింది. ఎవరో రమ్మంటే కాదు. మేజర్ వెనక చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నలభై మూడేళ్ల ఒళ్లుతో, మంచు తడి గడ్డి మీద. స్కూల్లో ఖోఖో ఆడాక మళ్లీ పరిగెత్తడం అదే. రొప్పుకుంటూ గోడకి ఆనుకుని నిలబడితే గుండె చప్పుడు చెవుల్లో వినిపించింది. ఇదేంటి, ఇది ఇంతకాలం ఎక్కడుంది అనుకుంది. బజారుకో గుడికో వెళ్లినా ఎవరి కోసమో ఏదో తేవడానికే వెళ్లడం అలవాటు. ఈ గంటన్నరలో ఎవరికీ ఏమీ తేవక్కర్లేదు. ఇంటికొచ్చాక అత్తగారు చిన్నమ్మాయిగారు, "కుక్కని తిప్పడానికి గంటన్నరేంటమ్మా" అనేవారు. మురళీకృష్ణ, "నువ్వు కుక్కని తీసుకెళ్తున్నావా, కుక్క నిన్ను తీసుకెళ్తోందా?" అని పేపరు చాటు నుంచి పరాచికాలాడేవాడు. కుక్కే తీసుకెళ్తోందండీ అని ఒప్పేసుకునేది. ఎవరో ఒకరు తీసుకెళ్లారు, అది చాలు.

అయితే ఆదివారం మాత్రం మేజర్ని తీసుకెళ్లేది మురళీకృష్ణ. ఆదివారం కాలనీలో ఆడవాళ్లెవరూ పార్కుకి రారు. ఆ వేళకి మసాలా నూరి ఉండాలి, పలావుకి బియ్యం నానాలి, పెరుగుచట్నీకి ఉల్లిపాయలు తరగాలి, చుట్టాలెవరైనా వస్తారంటే ఇంకో రెండు రకాలు పెరగాలి. సెలవు రోజున ఇంటిల్లిపాదీ సెలవు తీసుకుంటే ఆ పని ఎవరు చేస్తారు? అందుకని మగవాళ్లు కుక్కల్ని తీసుకెళ్లేవారు. దానికి సాయం అని పేరు పడింది.

గొడవలన్నీ ఆ ఆదివారాల్లోనే వచ్చాయి. వరసగా మూడు వారాలు. మొదటి వారం మేజర్ కాలికి గాటు పడింది. రెండో వారం కొట్టుకుంటున్న కుక్కలు మీద పడి దొరబాబుగారు బోర్లా పడ్డారు. మూడో వారం, అంటే మొన్న, లడ్డూ చెవి చిరిగింది, నాలుగు కుట్లు వేశారు. నాగదుర్గ సోమవారం బ్యాంకుకి సెలవు పెట్టి దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

తప్పెవరిదో మగవాళ్లు తేల్చేశారు. నల్లోడిది. నల్లోడు మరిడమ్మ కుక్క, వట్టి నాటు కుక్క. మరిడమ్మ ధవళేశ్వరం రేవు నుంచి చేపలు తెచ్చి కాలనీలో అమ్ముతుంది. పొద్దున్నే బేసిను గేటు బయట వాచ్‌మన్ దగ్గర పెట్టి, కాసేపు నల్లోడిని పార్కులో ఆడనిచ్చి, ఏడున్నరకి బేరానికి బయల్దేరుతుంది. ఆదివారం బేరం ఎక్కువ కాబట్టి తెల్లారగట్లే సెంటర్లో కూర్చుంటుంది, నల్లోడు ఒక్కడే పార్కులో ఉంటాడు. "యజమాని లేని కుక్క, పైగా వీధి జాతి. రెచ్చగొట్టేది అదే" అన్నారు దొరబాబుగారు. కార్తీకమాసం ఆదివారాల్లో మరిడమ్మ కూడా పార్కులోనే ఉండేది, అప్పుడు ఒక్క గొడవా లేదు. మరిడమ్మ రావడం మానేసింది, గొడవలు మొదలయ్యాయి. ఇంకేం కావాలి రుజువు? నల్లోడిని రానివ్వకపోతే మరిడమ్మతో పేచీ, రానిస్తే కుక్కలతో పేచీ, అసలు పార్కే మూసేస్తే పీడా పోతుందని నిర్ణయించుకున్నారు.

ఆ మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక రామతులసి కాగితం ముందేసుకుని కూర్చుంది. అబద్ధం రాయాలనుకోలేదు. ప్రమాదాలు లేవని రాస్తే లడ్డూ చెవి ఒప్పుకోదు. గొలుసు లేని కుక్క గొలుసున్న కుక్క కాదు, పిలిస్తే వస్తుందన్న నమ్మకం తప్ప చేతిలో ఏమీ ఉండదు. టీకాలు వేయించని కుక్క ఒక్కటొచ్చినా అందరికీ ముప్పే, ఇప్పటిదాకా ఎవరూ టీకా కార్డు అడగలేదు. బుల్లి కుక్కలూ పెద్ద కుక్కలూ ఒకే చోట, మేజర్ ముద్దుగా కాలు వేసినా లడ్డూ నడుము విరుగుతుంది. గేటు ఒక్కటే, తీసినవాళ్లు వేయరు, బయట ధవళేశ్వరం రోడ్డు మీద ఇసక లారీలు. చిన్నపిల్లలు అరుచుకుంటూ పరిగెత్తితే కుక్కలు వెంటపడతాయి. రాస్తూ పోతే ఆమెకే భయం వేసింది. నా గంటన్నర కోసం ఇంకొకరి కుక్క చెవి పణంగా పెట్టమంటానా అనుకుంది. ఆ ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది.

మూడు గొడవలూ ఎప్పుడెప్పుడు జరిగాయో తేదీలు వేద్దామని చూసింది. రామతులసికి తేదీలు గుర్తుండవు. ఏ రోజు ఏం వండిందో గుర్తుంటుంది. మేజర్ కాలు కుంటుతూ వచ్చిన రోజు తలకాయ కూర. పోలి పాడ్యమికి గోదావరిలో దీపాలు వదిలేసి, కార్తీకం నెలంతా బిగబట్టుకున్న మనిషి ఆ తర్వాత ఆదివారం తలకాయా కాళ్లూ తెచ్చి, 'తులసీ, నెల రోజులైంది' అన్నాడు. దొరబాబుగారు పడిన రోజు నాటుకోడి, ఆడపడుచు వాళ్లొచ్చారు. లడ్డూ చెవి చిరిగిన రోజు మటన్, దాంతోపాటు రొయ్యల వేపుడు, వంట అయ్యేసరికి రెండున్నరైంది.

అంతకుముందు ఆదివారాలు? పప్పు, పులిహోర, కంద బచ్చలి, పనసపొట్టు. కార్తీకమని కాలనీ కాలనీయే నీసు మానేసింది. మరిడమ్మ ఆదివారాలు పార్కులో ఎందుకుంది మరి? ఆమె చేపలు కొనేవాళ్లు లేరు కాబట్టి ఉంది. కార్తీకం వెళ్లాక మరిడమ్మ సెంటర్‌కి వెళ్లింది నిజమే. మగవాళ్లు కూడా సెంటర్‌కి వెళ్లారు. అక్కడి మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడి, తిన్నగా పార్కుకొచ్చారు.

రామతులసి లేచి మంచినీళ్లు తాగి మళ్లీ కూర్చుంది. ఇంత తెలిసీ ఆమెకి ధైర్యం చాలలేదు. వంటిల్లు చెప్పే సాక్ష్యం ఒకటీ, దొరబాబుగారు చెప్పే సాక్ష్యం ఒకటీ, రెండూ ఒకే తేదీలకి సరిపోతున్నాయి. తను అనుకున్నది తప్పై నల్లోడే కరిచేవాడైతే, రేపు ఇంకో కుక్క చెవి తెగితే, ఆ పాపం ఎవరిది?

శుక్రవారం పొద్దున్న పార్కు గేటు బయట కుళాయి దగ్గర మరిడమ్మ చేతులు కడుక్కుంటోంది. మోచేతుల దాకా తోముకుంది, పాదాలు కడిగింది, కొంగు మార్చి దోపుకుంది. రోజూ చూసేదే అయినా ఆ రోజు రామతులసి ఆగి, "మరిడమ్మా, పార్కులోకి రావడానికి ఇంత కడుగుడేంటే?" అని అడిగింది.

"నీసు చేతుల్తో పది కుక్కల మజ్జిలోకి ఎలా వత్తానండీ తులసమ్మగారూ. ఆయ్, మా రేవులో చూడరాదా. వల విప్పిన చోట కుక్కలు కొట్టుకు చత్తాయండి. వల లేనప్పుడు అవే కుక్కలు ఒకదాని మీద ఒకటి తలెట్టుకుని పడుకుంటాయి. వాటి తప్పేం లేదండి, తెచ్చి మధ్యలో పెట్టినోడిది తప్పు."

"నల్లోడు కూడా కొట్టుకుంటాడా?"

"వాడు చేపల మజ్జిలోనే పుట్టాడండి. ముందు బేసినుంటే మొహం తిప్పుకుంటాడు. మీకు నమ్మకం లేపోతే ఒక ఆదివారం వచ్చి చూడండి."

ఒక ఆదివారం వచ్చి చూడటం. చెప్పినంత తేలిక కాదు. రామతులసి రెండు రోజులు ఆ ఆదివారం గురించే ఆలోచించింది.

ఆదివారం ఏడింటికి మురళీకృష్ణ మేజర్ని స్కూటరు మీద కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని వెళ్లిన అరగంటకి, ఆమె స్టవ్ కట్టేసి, వెల్లుల్లి గిన్నె అత్తగారి ముందు పెట్టింది. "అత్తయ్యగారూ, ఒక గంటలో వస్తాను."

"ఆదివారం పూట ఎక్కడికమ్మా? మసాలా ఎవరు నూరతారు? నేను ఈ ఇంటికొచ్చి యాభై ఏళ్లయింది, ఒక్క ఆదివారమన్నా ఈ వేళప్పుడు గుమ్మం దాటానా..." అని చిన్నమ్మాయిగారు అందుకున్నారు. అందుకున్న మాట ఆవిడ చెవికే వినిపించింది కాబోలు, మధ్యలో ఆగిపోయారు. ఒక వెల్లుల్లి రేక వొలిచి పక్కన పెట్టారు. "మంచు పడుతోంది, తలకి గుడ్డ కట్టుకెళ్లు" అన్నారు.

పార్కు గేటు తీసి లోపలికి అడుగుపెడుతూనే రామతులసికి ఆ దృశ్యం కనిపించింది. ఎనిమిది మంది మగవాళ్లు గోడ వారన నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. షటిల్ స్తంభానికి ఎవరో కొట్టిన మేకులకి వరసగా నల్ల కవర్లు వేలాడుతున్నాయి. ఏడు. కింది కవరు నుంచి నీసు నీళ్లు చుక్క చుక్కగా కారుతున్నాయి. దాని చుట్టూ కుక్కలన్నీ పీటలేసుకున్నట్టు గుండ్రంగా కూర్చుని తలలు పైకెత్తి చూస్తున్నాయి. ఒక్కటీ ఆడటం లేదు. మేజర్ పక్కన మూడో లైన్లో ఉండే సురేంద్ర గారి జర్మన్ షెపర్డ్ కూర్చుంది, దాని పైపెదవి వణుకుతోంది. నల్లోడు మాత్రం అల్లంత దూరాన గోడ నీడలో పడుకుని, ఈ గొడవ తనది కాదన్నట్టు తోక కొరుక్కుంటున్నాడు.

చుక్క ఒకటి రాలింది. దాని మీదికి మేజరూ షెపర్డూ ఒకేసారి వంగారు. గుర్రుమన్నారు. "మేజర్, నో" అన్నాడు మురళీకృష్ణ, ఫోను లోంచి తల ఎత్తకుండా.

రామతులసి కుక్కల మధ్యలోంచి నడిచి వెళ్లింది. భయం వేయలేదని కాదు, వేసింది. ఏడు కవర్లూ మేకుల నుంచి తీసి వేళ్లకి తగిలించుకుంది. కుక్కలన్నీ ఆమె వెనకే గేటు దాకా ఊరేగింపుగా వచ్చాయి. బయటికి పోయి గేటు వేసేసి, కవర్లు తీసుకెళ్లి అక్కడున్న స్కూటర్లకి ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి తగిలించి, కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వచ్చింది.

మురళీకృష్ణ పరిగెత్తుకొచ్చాడు. "ఏంటి తులసీ ఇది? ఎవరి కవరు ఎవరికి పోయిందో. మనది నల్లి ఎముకలు ఎక్కువేసి కొట్టించాను."

ఆ మాటతో మిగతా వాళ్లకీ గుర్తొచ్చింది. ఎవరి మాంసం ఎవరి స్కూటరుకుందోనని ఎనిమిది మందీ గేటు బయటికి పోయారు. తన కవరులో కార్జం ఉండాలని ఒకరు, తనది బోన్‌లెస్ అని ఒకరు, కవర్లు విప్పి చూసుకుంటూ వాదించుకుంటున్నారు.

లోపల రామతులసి ఒక్కతే కుక్కలతో మిగిలింది. అవి కాసేపు గేటు సందుల్లోంచి వాసన చూశాయి. మేజర్ ముందుగా వెనక్కి తిరిగాడు. షెపర్డ్ ముందు కాళ్లు వంచి ఆటకి పిలిచింది. అంతే, స్థలమంతా కుక్కలైంది. పదకొండు కుక్కలు, గడ్డి మీద మంచు చిమ్ముకుంటూ, ఒకదాన్నొకటి దొర్లించుకుంటూ. నల్లోడు లేచి వచ్చి మేజర్ చెవి పట్టి లాగి పారిపోయాడు. గట్టు మీంచి ఎండ వచ్చి స్తంభాల మీద పడింది. ఆదివారం పొద్దున ఇలా ఉంటుందా అనుకుంది రామతులసి. వారంలో మిగతా రోజుల పొద్దుల కన్నా నెమ్మదిగా, రోడ్డు మీద లారీలు లేకుండా. కుచ్చిళ్లు దోపుకుని ఆమె కూడా ఒక చుట్టు పరిగెత్తింది.

సాయంత్రం కమ్యూనిటీ హాల్లో మగవాళ్లు ముందు వరసల్లో, ఆడవాళ్లు వెనక వరసల్లో కూర్చున్నారు. మురళీకృష్ణ కాగితం చదివాడు. చక్కగా చదివాడు. టీకాలు, గేటు, లారీలు, బుల్లి కుక్కలు, పిల్లలు. "కాబట్టి పార్కు మూసివేయాలని ప్రతిపాదిస్తున్నాను" అని కాగితంలో లేని వాక్యం ఒకటి సొంతంగా చేర్చాడు. అతను రాసిన నోటీసుల్లో నిజంగా అతను రాసింది ఆ ఒక్కటే.

"ఎవరైనా మాట్లాడతారా?" అన్నారు దొరబాబుగారు. అలవాటుగా అడిగే మాట. ఎవరూ మాట్లాడరని ఆయనకి తెలుసు.

రామతులసి లేచింది. "ఆ కాగితం నేను రాశానండి" అంది. మురళీకృష్ణ వెనక్కి తిరిగి చూశాడు. "అందులో ఉన్నవన్నీ నిజమే. టీకా కార్డు చూపించనిదే గొలుసు విప్పకూడదు. బుల్లి కుక్కలకి మొదటి అరగంట విడిగా ఇవ్వాలి. పిల్లల్ని లోపలికి పంపకూడదు. గేటు లోపల ఇంకో గేటు పెట్టించాలి. ఇవన్నీ చేయొచ్చు. కానీ ఇప్పటిదాకా జరిగిన మూడు గొడవలకీ కారణం వీటిలో ఒక్కటీ కాదండి. మేజర్‌కి గాటు పడ్డ రోజు మా ఇంట్లో తలకాయ కూర. మీరు పడిన రోజు నాటుకోడి. లడ్డూ చెవి చిరిగిన రోజు మటన్, రొయ్యలు."

ముందు వరసలో నవ్వులు లేచాయి. "మెనూ బావుందండి" అన్నారెవరో.

ఆమె నవ్వులు ఆగేదాకా నిలబడింది. "ఆ మూడు రోజులూ మీ ఇళ్లలో ఏం వండారో మీకు గుర్తుందా?" అని అడిగింది. మగవాళ్లకి గుర్తు లేదు. వెనక వరసల్లోంచి ఒక గొంతు, "మా ఇంట్లో ఖైమా" అంది. ఇంకొకరు, "మాకు ఆ మూడు వారాలూ మటనే" అన్నారు. నాగదుర్గ లేచి నిలబడి, "లడ్డూ చెవి చిరిగిన రోజు మా ఆయన మాంసం కవరు చేత్తో పట్టుకునే నిలబడ్డారుట" అంది, ముందు వరసలో ఉన్న భర్త వైపు చూస్తూ. కార్తీకంలో ఏం వండారని రామతులసి అడిగితే హాలంతా ఆడగొంతులే జవాబు చెప్పాయి. పప్పులు, పులుసులు, కందలు, అరటికాయలు. అప్పుడు ఆ పొద్దున స్తంభానికి వేలాడిన ఏడు కవర్ల సంగతి చెప్పింది. అవి తీసేశాక ఏం జరిగిందో చెప్పింది. మరిడమ్మ రోజూ చేపల బేసిను బయట వదిలి, చేతులూ కాళ్లూ కడుక్కుని లోపలికొస్తుందని, ఆమె కుక్క ఇవాళ మాంసం వైపు చూడను కూడా చూడలేదని చెప్పింది.

ముందు వరసల్లో కొందరు మెడ మీద చెయ్యి వేసుకుని నేల చూశారు. మురళీకృష్ణకి మాత్రం ఏదో వెలిగింది. "అవును సుమా, ఇవాళ ఒక్క గొడవ కూడా కాలేదు" అన్నాడు పైకే. అతను మంచివాడే, నెమ్మదిగా వెలుగుతాడు.

దొరబాబుగారు కాసేపు మోకాలు రాసుకున్నారు. తర్వాత మొహం విప్పారింది. ఇంజినీరు కదా, ఉపాయం తట్టింది. "అయితే ఇంకేముందండి. నల్లోడి మీద నింద పోయింది, మరిడమ్మకి నేనే చెబుతాను. ఆ టీకాలూ గేటూ కూడా చేయిద్దాం. పార్కు యథాప్రకారం ఉంటుంది, ఆదివారం ఒక్కరోజు మూసేద్దాం. ఎలాగూ ఆడవాళ్లకి ఆదివారం కుదరదు, మగవాళ్లకి మాంసం మానడం కుదరదు. ఎవరికీ ఇబ్బంది లేదు."

చప్పట్లు మోగాయి. ముందు వరసల్లోనే కాదు, వెనకా మోగాయి. రామతులసి కూడా కూర్చోబోయింది. గెలిచింది కదా. ఆరు పొద్దులూ ఆమెవే, ఎవరూ ముట్టుకోరు. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరినప్పుడు అంతకు మించి అడగాలని ఆమెకే తోచలేదు. కుర్చీ చేతి మీద చెయ్యి వేసింది కూడా. అప్పుడు 'ఎలాగూ కుదరదు' అన్న మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఎవరు కుదరదన్నారు? ఎప్పుడడిగారు? పొద్దున స్తంభాల మీద పడిన ఎండ, లారీల్లేని ఆ నెమ్మది గుర్తొచ్చాయి. ఇరవై ఒక్క ఏళ్లలో తను చూసిన ఆదివారం పొద్దు అదొక్కటే. ఇప్పుడు దాన్ని ఎవరికీ ఇబ్బంది లేదని కొట్టేస్తున్నారు. ఆమెకి కోపం రాలేదు, విచిత్రంగా నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే తిన్నగా నిలబడింది.

"ఆదివారం మూయొద్దండి దొరబాబుగారూ. ఆదివారం మేజర్ని నేను తీసుకొస్తాను. మాంసం తెచ్చినవాళ్లు తిన్నగా ఇంటికెళ్లి వండుకుంటారు."